ఎడ్లను లెక్కపెట్టినవాళ్లు

పోయిన చలికాలం మా చెల్లెలు కుటుంబం ఆస్ట్రేలియా నుంచి బోధన్ వచ్చింది. అక్కడ సెలవులొస్తే చాలు, కారులో గుడారాలూ వంట సామానూ వేసుకుని దేశం లోపలి మెట్ట ప్రాంతాలకు పోతుంటారు. వందల కిలోమీటర్లు పోయినా ఊరు తగలని ఆ నేలలో పెద్ద పెద్ద పశువుల క్షేత్రాలుంటాయి. వాటిని స్టేషన్లంటారట. యజమాని దగ్గర అనుమతి తీసుకుని ఏ వాగు పక్కనో గుడారం వేసుకోవడం, పొద్దున్నే విప్పుకుని ఇంకో చోటికి పోవడం. పన్నెండేళ్ల మా చెల్లెలి కూతురు ఆ ఫొటోలన్నీ చూపించి, “పెద్దమ్మా, మీరిక్కడ క్యాంపింగ్‌కి ఎక్కడికి పోతారు?” అని అడిగింది.

నాకేం చెప్పాలో తోచలేదు. మా అమ్మ మాత్రం వెంటనే, “మన దగ్గర క్యాంపులకేం తక్కువే! ఇక్కణ్ణుంచి వర్ని దాకా అన్నీ క్యాంపులే గదా” అంది. అందరం నవ్వాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

బోధన్, వర్ని, కోటగిరి వైపు తిరిగినవాళ్లకు తెలుసు. ఇక్కడ చాలా ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అని ఉంటుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద సుమారు 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు అనుకున్నారు. కాలువ కింద సేద్యం తెలిసినవాళ్లు కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొన్నారు, గుడిసెలు వేసుకున్నారు. తాత్కాలికంగా దిగిన చోటు కనక క్యాంపు. ఆ గుడిసెలు పెంకుటిళ్లయ్యాయి, తర్వాత మేడలయ్యాయి. పేరు మాత్రం క్యాంపుగానే మిగిలింది. ఆ కాలువ నీళ్లతో పండిన చెరుకు కోసమే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. మా ఊరి పక్కన శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మేం బడిలో గొప్పగా చెప్పుకునేవాళ్లం.

పిల్ల పట్టు పట్టడంతో మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. బాన్సువాడ మీదుగా నిజాంసాగర్, అక్కణ్ణుంచి పిట్లం, జుక్కల్, కౌలాస్ కోట చూసుకుని మద్నూర్ మీదుగా తిరిగి రావడం. రెండు బండ్లు, రెండు గుడారాలు, తొమ్మిది మంది. ఏమేం తీసుకుపోవాలో జాబితా రాసింది నేనూ చెల్లెలూ. పప్పులు కొలిచి పొట్లాలు కట్టింది అమ్మ. దారి నిర్ణయించింది మా ఆయన, మా మరిది. ఇది ఫిర్యాదు కాదు. అప్పుడు నాకు తట్టను కూడా తట్టలేదు.

మొదటి రాత్రి జలాశయం వెనక భాగంలో, ఒక రైతును అడిగి ఆయన చెలకలో దిగాం. మగవాళ్లు గుడారాలు నిలబెట్టి ఫొటోలు దిగారు. మేం మూడు రాళ్ల పొయ్యి పెట్టుకున్నాం. నీళ్లెక్కడ, పుల్లలెక్కడ, చీకటిపడ్డాక ఆడవాళ్లం ఎటు పోవాలి అన్నవి మా నలుగురి మధ్యే తిరిగిన ప్రశ్నలు. ఇంట్లో కుళాయి, గ్యాసు, తలుపు ఉన్న బాత్‌రూము ఉన్నాయి కాబట్టి కనిపించకుండా పోయిన పనులన్నీ ఆ చెలకలో ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

రెండో రోజు జుక్కల్ దాటాక దారి పక్కన ఒక తండా దగ్గర ఆగాం. సేవాలాల్ గుడి మీద తెల్ల జెండా, వేపచెట్టు కింద కట్టేసిన నాలుగు దేవణి ఎడ్లు. నల్లగా తెల్లగా మచ్చలతో, వాలిన చెవులతో ఉన్న ఆ ఎడ్లను చూసి పిల్లలు దిగిపోయారు. ఒక ఇంటి అరుగు మీద డెబ్బై దాటిన ముసలామె కూచుని ఉంది. ఆమె ఒంటి మీద ఇంకా ఫేటియా, కాంచళి ఉన్నాయి. కోడళ్లు చీరల్లో ఉన్నారు. నీళ్లిచ్చారు, కూచోమన్నారు. మేం గుడారాలేసుకుని తిరుగుతున్నామని విని ఆమె చాలాసేపు నవ్వింది.

“ఇల్లుండంగ బయట పండవడితిరా బిడ్డా?” అంది. తర్వాత తన అత్తగారి దగ్గర విన్న ముచ్చట్లు చెప్పింది. ఎడ్ల మీద ఉప్పు, జొన్నలు వేసుకుని నెలల తరబడి నడిచేవాళ్లట. “మజిలీ ఎక్కడ వేయాలో ఎవరు చెప్పేవాళ్లవ్వా?” అని అడిగాను. “ఎద్దు” అంది. “దేవుని ఎద్దొకటుంటుండె. అది కూసున్న కాడ తండా దిగాలె. ఎద్దు కూసుంటది. నాయకుడు కూసుంటడు. మొగోళ్లు హుక్క పట్టుకొని కూసుంటరు. మా అత్త అంటుండె, మరి నేనేడ కూసున్ననే అని.”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే నాకు చిన్నగా చెమట పట్టింది.

ఎందుకంటే ఆ దేవుడి ఎద్దు నాకు బాగా తెలుసు. బేరార్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన కంబర్లెజ్ 1882లో బంజారాల గురించి రాసిన దాంట్లో అది ఉంది. బరువు మోయని ఎద్దు. పట్టుగుడ్డలు, గంటలు, గవ్వలు కట్టి బిడారు ముందు నడిపిస్తారు. అలిసి అది పడుకున్న చోటే ఆనాటి మజిలీ. నా పిహెచ్‌డీ దక్కన్‌లో సరుకు రవాణా మీద. లంబాడాల మీద ఒక అధ్యాయం ఉంది. ఆ ఎద్దుకు అందులో ఒక పేరా ఇచ్చాను. ఆ ముసలామె అత్తగారికి ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు.

నా అధ్యాయంలో అన్నింటికన్నా మెప్పు పొందింది ఒక పట్టిక. ఏ యాత్రికుడు ఏ సంవత్సరంలో ఎన్ని ఎడ్లను చూశాడన్న పట్టిక. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా, పాట్నాల మధ్య దారిలో 14,000 ఎడ్లున్న తండాను చూశాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే పది పన్నెండు వేల ఎడ్ల బిడార్ల గురించి రాశాడు. ఇరుకు దారిలో అవి ఎదురైతే బండ్లు రెండు మూడు రోజులు ఆగిపోవలసిందేనట. టావెర్నియే గోల్కొండకు పలుమార్లు వచ్చినవాడు. ఔరంగాబాద్ నుంచి నాందేడ్ మీదుగా గోల్కొండకు పోయే దారి మా ప్రాంతం గుండానే సాగేది. ఆ ఎడ్ల డెక్కల కింద నలిగిన నేల మీదే మేం ఆ పూట చాయ్ తాగుతున్నాం.

ఆ రాత్రి కౌలాస్ దగ్గర గుడారంలో నిద్ర పట్టక, ఫోన్ వెలుగులో ఒక చిన్న లెక్క వేశాను. మండీ ఎడ్లతోపాటు మనుషుల లెక్క కూడా ఇచ్చాడు. ఇలాంటి తండాలో ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు కలిసి ఆరేడు వందల మంది ఉండొచ్చని, ఇల్లూ సంసారమూ అంతా వెంటే ఉంటుందని రాశాడు. రెండు అంకెలూ నా థీసిస్‌లో ఉన్నాయి. ఒకదాన్ని ఇంకోదానితో భాగించాలని ఇరవై ఏళ్లుగా నాకు తోచలేదు.

భాగించి చూడండి. ఏడు వందల మంది అనుకున్నా మనిషికి ఇరవై ఎడ్లు. అందులో చంటిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. సగం మందిని తీసేస్తే మూడు వందల యాభై. పని చేసింది మగవాళ్లే అనుకుంటే నూట డెబ్బై చిల్లర. అంటే ఒక్కో మగవాడికి ఎనభై ఎడ్లు. ఇవి బండ్లకు కట్టిన ఎడ్లు కావు, వీపు మీద పెరికలు మోసే ఎడ్లు. ప్రతి సాయంత్రం ప్రతి ఎద్దు మీది పెరికా దించాలి, లేకపోతే దాని వీపు పుండవుతుంది. పొద్దున మళ్లీ ఎత్తాలి. పెరికకు రెండు వైపులా ఇద్దరు మనుషులు కావాలి. దించాక ఎడ్లను మేపుకు తోలాలి, నీళ్లు పెట్టాలి, దొంగల నుంచీ పులుల నుంచీ కాపాడాలి. నూట డెబ్బై మంది మగవాళ్లతో ఇది జరిగే పని కాదు.

పెరికలు ఎత్తిన చేతుల్లో ఆడవాళ్ల చేతులున్నాయి. ఉండి తీరాలి. వంట, నీళ్లు, పుల్లలు, పిల్లలు, కుట్టుపని, దారిలో పురుళ్లు ఇవన్నీ ఆ పైన. ఇందుకు నేను కొత్త ఆధారమేమీ వెతకలేదు. పాత అంకెల్నే ఆడదాని కళ్లతో చదివాను, అంతే.

బంజారా రవాణా ఎందుకంత చవక అని చరిత్రకారులు చెప్పే కారణాలు తెలిసినవే. రోజుకు ఆరేడు మైళ్లకు మించని నెమ్మది నడక. దారి పొడుగునా ఊరికే దొరికే గడ్డి. నేనూ అవే రాశాను. కానీ గడ్డి ఎడ్లకు సరిపోతుంది. మనుషుల్ని బతికించింది ఏమిటి? కూలి అడగని ఇల్లాలి పని. మూడు వందల ఏళ్లపాటు దక్కన్ తిన్న ఉప్పు చవకగా రావడానికి ఎడ్లు మేసిన గడ్డి ఎంత కారణమో, ఈ జీతం లేని పనీ అంతే కారణం. మొఘల్ సైన్యాలకైనా, 1803 యుద్ధంలో వెల్లెస్లీ సైన్యానికైనా తిండిగింజలు మోసిన తండాలన్నీ కుటుంబాలే. సైన్యం వెంట నడిచిన ఆడవాళ్లను మాత్రం ఏ యుద్ధ చరిత్రా సరఫరా విభాగంగా లెక్కించలేదు.

మరి ఆడవాళ్లు ఆ పుస్తకాల్లో అసలు కనిపించరా అంటే కనిపిస్తారు. టావెర్నియేకు వాళ్ల పచ్చబొట్లు కనిపించాయి. తర్వాతి ఇంగ్లీషు అధికారులకు వాళ్ల అద్దాల రవికెలు, మోచేతుల పైదాకా గాజులు కనిపించాయి. ఇంకా మంత్రగత్తె అన్న నిందా, ఆ నింద పడ్డ స్త్రీని సొంతవాళ్లే చంపడమూ కనిపించాయి. 1920లో హైదరాబాద్ రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ తెచ్చిన పెద్ద గ్రంథంలోనూ పెళ్లి తంతుకూ వేషానికీ దొరికిన చోటు పనికి దొరకలేదు. అలంకారంగానో భయంగానో తప్ప ఆమె పుస్తకంలోకి రాలేదు. రాసినవాడు పోలీసో, వ్యాపారో, అధికారో. ఒకరికి నేరం కావాలి, ఒకరికి సరుకు కావాలి, ఇంకొకరికి వర్గీకరణ కావాలి.

1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు మా జిల్లా మీదుగా రైలు పడింది. అప్పటికే ఉప్పు మీద ఇంగ్లీషువాళ్ల గుత్తాధిపత్యం, కొత్త రోడ్లు కలిసి ఎడ్ల రవాణా నడ్డి విరిచాయి. తిరిగేవాళ్లంటే అనుమానించాలని నేర్పిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం బ్రిటిష్ ఇండియాలో పలుచోట్ల లంబాడాలను ఆ జాబితాల్లోకి ఎక్కించింది. ఆ చట్టం రద్దయింది 1952లో. నడక ఆగిపోయిన చోట బిడార్లు దిగబడ్డాయి. తండా అంటే మొదట నడిచే బిడారు. దాని మజిలీకీ అదే పేరు. ఇప్పుడు ఊరికీ అదే పేరు.

ఇక్కడే మా అమ్మ మాట మళ్లీ గుర్తొచ్చింది. మా జిల్లాలో క్యాంపు, తండా రెండూ మజిలీకే పేర్లు. రెండూ ఊళ్లయ్యాయి. ఒకటి కాలువ పక్కన పడింది, ఒకటి గుట్ట పక్కన పడింది. కొనగలిగినవాళ్లకు నీళ్లున్న నేల దొరికింది. ఎడ్లు తప్ప ఏమీ లేనివాళ్లకు గాంధారి, లింగంపేట వైపు అడవి అంచులూ రాళ్ల చెలకలూ మిగిలాయి. నేనూ కాలువ పక్కన పెరిగినదాన్నే. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. చాలా తండాలు గ్రామ పంచాయతీలయింది 2018 చట్టంతో. ఆగిన చోటు ఊరని ప్రభుత్వం ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

ఆగారు అన్నాను గానీ, నిజంగా ఆగారా? “మీరు బయటికి పోయింది ఎప్పుడవ్వా?” అని ఆ ముసలామెను అడిగాను. “ఇరవై కార్తెలు చెరుకు కొట్టవోయిన” అంది. ఆమె లెక్కలో కార్తె అంటే ఒక చెరుకు సీజను. ఇటు జుక్కల్, అటు నారాయణఖేడ్ తండాల నుంచి దసరా దాటాక కుటుంబాలు మహారాష్ట్ర, కర్ణాటక ఫ్యాక్టరీల వైపు పోతాయి. ఐదారు నెలలు చెరుకు తోటల పక్కన ప్లాస్టిక్ కాగితం గుడిసెలు. చిన్నప్పుడు అలాంటి మజిలీని మా ఊరి చివర కూడా చూశాను. బండ్లు, ఎడ్లు, తడిక గుడిసెలు, తెల్లవారక ముందే లేచే పొగ. నా ఈడు పిల్ల ఒకతి చంటివాణ్ని చంకనేసుకుని చెరుకు ఆకు మోపు కడుతుండేది. అటు పోవద్దని అమ్మ నన్ను వారించేది. ఆ పిల్ల నాకు చెరుకు ముక్క ఇచ్చింది. ఆమె పేరు నేనడగలేదు.

చెరుకు కోత లెక్కలో మనిషి ఉండడు, కొయ్తా ఉంటుంది. కొయ్తా అంటే కొడవలి. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక కొయ్తా. ముకద్దం బయానా ఇచ్చేది కొయ్తాకు. పుచ్చుకునేది మొగుడు. ఆమె నరికిన చెరుకు, కట్టిన మోపు, తల మీద మోసి బండికెత్తిన బరువు అన్నీ ఆ ఒక్క కొడవలిలో కలిసిపోతాయి. నాగా పెడితే జరిమానా. నెలసరి వచ్చినా, కడుపుతో ఉన్నా అంతే. 2019లో బీడ్ జిల్లా గురించి మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ 82 వేలకు పైగా చెరుకు కోత స్త్రీలను సర్వే చేస్తే, 13 వేల మందికి పైగా గర్భసంచి తీసేసి ఉందని తేలింది. ఆమె శరీరం లెక్కలోకి వచ్చింది అప్పుడు. అదీ పోయిన అవయవంగా.

ఈ సంగతులు చెబుతుంటే మా చెల్లెలు ఆస్ట్రేలియా ముచ్చట ఒకటి చెప్పింది. వాళ్లు తిరిగే ఆ పశువుల స్టేషన్లను తరతరాలుగా నడిపింది అక్కడి ఆదివాసులే. పశువులు తోలినవాళ్లలో స్త్రీలూ ఉన్నారు. చాలాచోట్ల కూలి అంటే పిండి, టీ, చక్కెర, కాస్త మాంసం. 1966 ఆగస్టులో వేవ్ హిల్ స్టేషన్‌లో గురిండ్జి ప్రజలు పని మానేసి కుటుంబాలతో సహా నడిచి వెళ్లిపోయారు. కూలి కోసం మొదలైన నడక భూమి కోసం పోరాటమైంది. 1975లో ప్రధాని విట్లమ్ వచ్చి విన్సెంట్ లింగియారి చేతిలో మట్టి పోశాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. దొరల ఇళ్లలో పనిచేస్తూ, ఆ రోజు పొయ్యి ఆర్పేసి నడిచిన స్త్రీల ఫొటో మేమెవరం చూడలేదు. “అంతదూరం పోయి గుడారం వేసుకుంటాం గానీ, ఆ నేల మీద మా కంటే ముందు ఎవరు గుడారం వేశారో ఎన్నడూ అడగలేదక్కా” అంది చెల్లెలు.

మన దగ్గర అడిగినవాళ్లు లేకపోలేదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం వండినవాళ్లూ, చీటీలు మోసినవాళ్లూ, తుపాకీ పట్టినవాళ్లూ తమ నోటితో మాట్లాడారు. ఆ పుస్తకం చదివే నేను చరిత్రలోకి వచ్చాను. అయినా నా థీసిస్‌లో ఎడ్లను లెక్కపెట్టాను. చదివిన ప్రశ్న ఒకటి, పట్టిక గీసే చెయ్యి ఇంకొకటి. ఈ దూరం మనలో చాలామందికి అనుభవమే అనుకుంటాను. ‘కుటుంబం’ అన్న మాట దగ్గర మన కలం సులువుగా జారిపోతుంది. కుటుంబాలతో సహా వలస పోయారు, కుటుంబాలు మజిలీ వేశాయి అని రాసేస్తాం. ఆ ఒక్క మాటలో ఎవరు ఎత్తారు, ఎవరు దించారు, ఎవరు కూచున్నారు అన్నవన్నీ కలిసిపోతాయి.

మూడో రోజు మద్నూర్ మీదుగా బోధన్ తిరిగొచ్చాం. శక్కర్‌నగర్ దగ్గర కారు ఆపమంది అమ్మ. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయిన ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. గేటు వైపు కాసేపు చూసి, “సీజన్ల ఎన్ని బండ్లుండేవే ఇక్కడ! రోడ్డు దాటనిచ్చేవి కావు” అంది. “బండ్ల వెంట ఆడవాళ్లుండేవాళ్లామ్మా?” అని అడిగాను. అమ్మ ఆలోచించింది. “ఉండే ఉంటరు. ఎడ్లు మాత్రం బాగా యాదికున్నయి.”

ఇంటికొచ్చాక మా చెల్లెలి కూతురు తన నోటుపుస్తకం చూపించింది. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మజిలీలు, ఎన్ని ఎడ్లు, ఎన్ని ఆవులు చూశామో వరసగా రాసుకుంది. బాగుందన్నాను. తర్వాత నా పాత థీసిస్ తీసి ఆ పట్టిక ఉన్న పేజీ తెరిచాను. సంవత్సరం, యాత్రికుడు, దారి, ఎడ్ల సంఖ్య. నాలుగు గడులు. పక్కన పెన్సిల్‌తో ఐదో గడి గీశాను. మండీ వరసలో తప్ప అందులో రాయడానికి నా దగ్గర అంకెలు లేవు. వచ్చే కార్తెకు చెరుకు కొట్టబోయేవాళ్లు ఆ తండా నుంచి బయల్దేరే ముందు నేనొకసారి వెళ్లాలి. ఈసారి గుడారం అవసరం లేదు. ఆ ముసలామె పక్కన అరుగు మీద కూచుని, వాళ్ల అత్త పేరేమిటో అడగాలి.